ఆంగ్ల హాలు కుర్చీ: హోదా, రూపకల్పన - విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

18వ శతాబ్ది ఇంగ్లండులో సంపన్నుల భవనాల ప్రవేశశాలలో గోడ వెంట వరుసగా నిలిపిన చెక్కకుర్చీలకు హాలు కుర్చీలని పేరు. మెత్త లేని ఆసనపలక, చేతులు లేని నిర్మాణం, వీపుపలక నడుమ చిత్రించిన వంశలాంఛనం వీటి ప్రధాన లక్షణాలు. పాత కలపసామాను సేకర్తలు వీటిని రూపసౌష్ఠవానికి మెచ్చుకుంటారు. సామాజిక చరిత్రకారులు వర్గభేదానికి సాక్ష్యంగా చదువుతారు. ఈ రెండు దృష్టులూ ఒకే వస్తువును చెరొక పక్క నుంచి చూస్తున్నాయనీ, చూసేవారికి ఒక అర్థాన్నీ కూర్చునేవారికి మరొక అర్థాన్నీ ఏకకాలంలో అందించడమే ఈ కుర్చీ రూపకల్పనలోని ప్రత్యేకత అనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. హాలు అనే గది పరిణామం, నమూనా గ్రంథాల నిర్వచనాలు, వంశలాంఛన వ్యవస్థ, ఆసన కాఠిన్యంపై వచ్చిన వ్యాఖ్యానాలు, కలప చరిత్ర అనే అంశాల ఆధారంగా ఈ ప్రతిపాదనను నిరూపించే ప్రయత్నం ఇందులో జరిగింది.

కీలకపదాలు: హాలు కుర్చీ, వంశలాంఛనం, చిప్పెండేల్, షెరటన్, మహాగని, భౌతిక సంస్కృతి, హోదా.

1. ప్రవేశిక:

ఆసనానికీ అధికారానికీ గల సంబంధం తెలుగు భాషకు కొత్త కాదు. గద్దెనెక్కడం, పీఠం అధిష్ఠించడం, కుర్చీ కోసం పోరాడడం వంటి వాడుకలన్నిటిలోనూ ఆసనం పదవికి పర్యాయపదం. వచ్చినవారికి పీట వేయడం గౌరవం; వేయకపోవడం అగౌరవం. ఈ వాడుకలన్నిటికీ ఆధారం ఒక్కటే: ఆసనం గొప్పదైతే అందులో కూర్చున్నవాడు గొప్పవాడు. సింహాసనం రాజుకు ఇచ్చేదీ, పీఠం గురువుకు ఇచ్చేదీ ఆ గౌరవమే.

ఈ సూత్రానికి విరుద్ధంగా నిలిచే ఆసనం ఆంగ్లేయుల హాలు కుర్చీ. ఇందులోని గౌరవచిహ్నం కూర్చునేవాడిది కాదు. ఆ చిహ్నం ఎవరిదో వారు ఇందులో కూర్చోరు. కూర్చునేవారికి ఆ చిహ్నంపై ఏ హక్కూ లేదు. ఆసనగౌరవం ఆసీనుడిని విడిచి ఇంటి యజమానికి చెందడం దీనిలోని విశేషం. ఈ విలోమ సంబంధాన్ని వడ్రంగపు రూపకల్పన ఎలా సాధించిందో, ఆ రూపకల్పనను నేటి విమర్శ ఎలా అంచనా వేయాలో పరిశీలించడం ఈ వ్యాస ముఖ్యోద్దేశం.

ఇక్కడ ఒక పదాన్ని ముందుగా స్పష్టం చేసుకోవాలి. నేటి తెలుగు ఇళ్లలో 'హాలు' అంటే కుటుంబమంతా కూర్చునే ముందుగది. ఈ వ్యాసంలో హాలు అంటే వీధి తలుపు తెరవగానే వచ్చే ప్రవేశశాల. 18వ శతాబ్ది ఆంగ్ల భవనంలో కుటుంబం అక్కడ కూర్చోదు; దాన్ని దాటుకొని లోపలికి వెళుతుంది.

2. హాలు స్వరూప పరిణామం:

మధ్యయుగపు ఆంగ్ల భవనంలో 'గ్రేట్ హాల్' ఇంటికి కేంద్రం. ప్రభువు ఒక చివర ఎత్తైన వేదికపై భోజనానికి కూర్చుంటే, పరిజనం అదే పైకప్పు కింద బల్లల వెంట కూర్చునేవారు. హోదాల్లో తేడా ఉన్నా, ఆ తేడా ఒకే గదిలో అందరి కళ్లముందు అమలయ్యేది. క్రమంగా యజమాని కుటుంబం ఏకాంతపు గదుల్లోకి తరలింది. 17వ శతాబ్దిలో సేవకుల భోజనానికి కూడా వేరే గది ఏర్పడింది. ఆంగ్ల పల్లెభవనాల జీవితంపై 1978లో గ్రంథం వెలువరించిన మార్క్ గిరౌవార్డ్ ఈ తరలింపును వివరంగా చర్చించాడు. భోజనం, నివాసం రెండూ వెళ్లిపోయాక హాలుకు మిగిలిన పని ప్రవేశం. ప్రవేశంతోపాటే నిరీక్షణ.

వాస్తుశిల్పి ఐజాక్ వేర్ 1756లో ప్రకటించిన బృహద్వాస్తు గ్రంథంలో ఈ మార్పు సూటిగా కనిపిస్తుంది. పట్టణపు ఇంట్లో హాలు సేవకులు వేచివుండే చోటు కాబట్టి దానికి విశాలతగానీ సొగసుగానీ అవసరం లేదని ఆయన అభిప్రాయం. పల్లెభవనంలో మాత్రం హాలు పెద్దదిగా, గంభీరంగా ఉండాలన్నాడు. వేసవి భోజనాలకు, పెద్ద విందులకు అది పనికివస్తుంది. పనిమీద వచ్చినవారు, రెండో శ్రేణివారు అక్కడే వేచివుంటారు. ఒకే గది ఒక పూట వైభవప్రదర్శనకు వేదిక, మరొక పూట తక్కువ హోదా గలవారిని నిలిపివేసే గడప. హాలు కుర్చీ ఈ రెండు అవసరాలకూ సమాధానం చెప్పవలసి వచ్చింది. దాని రూపంలోని ద్వంద్వానికి మూలం ఇదే.

3. రూపమూలాలు:

హాలు కుర్చీకి పూర్వరూపం ఇటలీలోని 'స్గబెల్లో'. 16వ శతాబ్దిలో ప్రచారంలో ఉన్న ఈ ఆసనంలో నాలుగు కాళ్లకు బదులు ముందొకటి, వెనకొకటి చెక్కిన పలకలు ఉంటాయి. చిన్న ఆసనపలకకు పైన నిటారుగా నిలిచే వీపుపలక దీనిలో ప్రధానం. శిల్పి పనితనమంతా ఆ పలకపైనే ఉంటుంది. ఈ ఆసనం సుఖం కోసం కంటే గోడను అలంకరించడానికే ఎక్కువగా ఉపయోగపడింది.

17వ శతాబ్ది తొలి అర్ధభాగంలో ఈ రూపం ఇంగ్లండు చేరింది. రోస్టాక్‌లో పుట్టి, మోర్ట్‌లేక్ చిత్రయవనికల కార్ఖానాకు రూపకర్తగా పనిచేసిన ఫ్రాన్సిస్ క్లైన్ పేరు దీనితో ముడిపడి ఉంది. లండన్ కెన్సింగ్టన్‌లోని హాలండ్ హౌస్‌లో ఉన్న, పెద్ద శంఖపుచిప్ప ఆకారపు వీపుగల పూతకుర్చీలను 18వ శతాబ్ది రచయిత హొరేస్ వాల్‌పోల్ క్లైన్ రూపకల్పనలుగా పేర్కొన్నాడు. హాలండ్ హౌస్‌కు చెందిన అటువంటి కుర్చీ నేడు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. ఆ చిప్ప ఆకారం తర్వాతి రెండు శతాబ్దాల హాలు కుర్చీల్లో పదేపదే తిరిగివచ్చింది.

ఆ తర్వాత విలియం కెంట్ పల్లాడియన్ శైలి భవనాల హాళ్ల కోసం బరువైన చెక్కబల్లలను రూపొందించాడు. కెంట్ దృష్టిలో హాలు సామాను గది వాస్తులో భాగం. రాతి గోడలు, రాతి నేల, పాలరాతి ప్రతిమల నడుమ పట్టుగుడ్డ మెత్తలకు చోటు లేదు. హాలు కుర్చీ కాఠిన్యానికి ఈ సౌందర్యసూత్రం కూడా ఒక కారణమని గుర్తుంచుకోవాలి. స్గబెల్లో నుంచి వీపుపలక ప్రాధాన్యం, కెంట్ నుంచి వాస్తుగాంభీర్యం గ్రహించి హాలు కుర్చీ 18వ శతాబ్ది మధ్యనాటికి తన రూపాన్ని స్థిరపరచుకుంది.

4. నమూనా గ్రంథాలు - నిర్వచనాల్లో మార్పు:

థామస్ చిప్పెండేల్ నమూనా గ్రంథం 'ది జెంటిల్‌మన్ అండ్ క్యాబినెట్ మేకర్స్ డైరెక్టర్' 1754లో తొలిసారి వెలువడింది. 1762 నాటి మూడో ముద్రణలో ఆయన ఒకే ఫలకంపై ఆరు కుర్చీల నమూనాలు ఇచ్చాడు. వాటిని హాళ్లకు, నడవలకు, తోటలోని వేసవి మందిరాలకు ఉద్దేశించినట్లు తెలిపాడు. మహాగనితోగానీ, వేరే కలపతో చేసి రంగు వేసిగానీ తయారుచేయవచ్చుననీ, వీటికి సాధారణంగా చెక్క ఆసనాలే ఉంటాయనీ వివరించాడు. ఇదే కాలంలో ఇన్స్, మేహ్యూల గ్రంథంలోనూ, 1765 నాటి రాబర్ట్ మ్యాన్‌వేరింగ్ గ్రంథంలోనూ హాలు కుర్చీల నమూనాలు కనిపిస్తాయి. పది పన్నెండేళ్ల వ్యవధిలో ఇన్ని నమూనాలు రావడాన్ని బట్టి ఈ కుర్చీకి ప్రత్యేక విపణి ఏర్పడిందని చెప్పవచ్చు.

నాలుగు దశాబ్దాల తర్వాత, 1803లో థామస్ షెరటన్ తన 'క్యాబినెట్ డిక్షనరీ'లో హాలు కుర్చీకి నిర్వచనం ఇచ్చాడు. హాలులో సేవకుల కోసం, పనిమీద వచ్చి వేచివుండే అపరిచితుల కోసం ఉంచే కుర్చీ అన్నది ఆ నిర్వచన సారాంశం. పూర్తిగా మహాగనితో, తరిమెన పట్టిన గుండ్రటి ఆసనంతో, వీపుపై కుటుంబ లాంఛనం చిత్రించి చేస్తారని కూడా చెప్పాడు.

ఈ రెండు వివరణలను పక్కపక్కన పెట్టి చదివితే ఒక ముఖ్యమైన తేడా బయటపడుతుంది. చిప్పెండేల్ కుర్చీని స్థలంతో నిర్వచించాడు: హాలు, నడవ, వేసవి మందిరం. ఇవన్నీ బయటికీ లోపలికీ నడుమ ఉన్న చోట్లు. చలి, తడి, దుమ్ము తగిలే చోట్లు. అక్కడ మెత్త లేకపోవడానికి స్థలమే కారణం. షెరటన్ కుర్చీని మనిషితో నిర్వచించాడు: సేవకుడు, అపరిచితుడు. అంటే వస్తువు పెద్దగా మారకుండానే దాని అర్థం గది నుంచి మనిషికి బదిలీ అయింది. ఒకప్పుడు 'ఇది ఈ చోటికి తగిన కుర్చీ' అన్న మాట 'ఇది ఇటువంటివారికి తగిన కుర్చీ' అన్న మాటగా స్థిరపడింది. షెరటన్ ఈ ఆచారాన్ని సృష్టించలేదు. వేర్ మాటలను బట్టి అది 1756 నాటికే ఉంది. కానీ సామాను పేరుకు అర్థం చెప్పే నిఘంటువులోకి మనిషి హోదా చేరడం గమనించదగిన పరిణామం.

5. వంశలాంఛనం - ఖాళీ కుర్చీ:

హాలు కుర్చీ వీపుపలక నడుమ గుండ్రంగానో, అండాకారంగానో, డాలు ఆకారంలోనో ఒక ఖాళీ ఉంచి అందులో లాంఛనం చిత్రించేవారు. కొన్నిటిలో పూర్తి వంశలాంఛనం, చాలావాటిలో దాని శిఖరభాగమైన 'క్రెస్ట్' మాత్రమే ఉంటుంది. సింహం, డేగ, ఆయుధం పట్టిన చేయి వంటివి క్రెస్టుల్లో తరచు కనిపించే రూపాలు. ఇదే చిహ్నం ఇంటివారి బండి తలుపులపై, వెండి పళ్లేలపై, ఉత్తరాల ముద్రలపై, సేవకుల దుస్తుల గుండీలపై కూడా ఉండేది. 18వ శతాబ్ది చివరి భాగంలో కొన్ని హాలు కుర్చీల వీపును బండిచక్రంలా ఆకులతో గుండ్రంగా మలిచారు. నడుమ కుండ ఉండవలసిన చోట లాంఛనం ఉంటుంది. వీధిలో బండి చేసే ప్రకటననే ఇంట్లో కుర్చీ కొనసాగించింది. యజమాని చిహ్నం ధరించి గోడ వెంట కదలకుండా నిలబడే ఈ కుర్చీలకూ, అదే చిహ్నపు గుండీలు తొడుక్కొని తలుపు దగ్గర నిలబడే సేవకులకూ పోలిక స్పష్టం.

లాంఛనాలకు ఇంగ్లండులో చట్టబద్ధమైన పాలన ఉంది. 1484లో ఏర్పడిన కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ వాటిని ప్రసాదించే సంస్థ. 16, 17వ శతాబ్దాల్లో దాని అధికారులు జిల్లాలు తిరిగి ఎవరి లాంఛనం సరైనదో, ఎవరిది కాదో తనిఖీ చేసేవారు. 1688 తర్వాత ఆ పర్యటనలు ఆగిపోయాయి. అంటే హాలు కుర్చీ వ్యాప్తిలోకి వచ్చిన శతాబ్దిలో లాంఛనాలపై క్షేత్రస్థాయి తనిఖీ లేదు. వ్యాపారంతో, వలసల ఆదాయంతో కొత్తగా ఎదిగిన కుటుంబాలు పాతకుటుంబాల చిహ్నభాషను అందుకోవడానికి ఆ పరిస్థితి అనుకూలించింది. 1798లో బ్రిటిష్ ప్రభుత్వం లాంఛనాల వాడకంపై పన్ను విధించింది. అది 1944 దాకా కొనసాగింది. తనిఖీ అధికారి స్థానంలో పన్ను అధికారి వచ్చాడు. వంశగౌరవం డబ్బు చెల్లించి వాడుకునే వస్తువుల జాబితాలో చేరింది.

ఈ నేపథ్యంలో కుర్చీ నిర్మాణాన్ని గమనిస్తే దానిలోని వైరుధ్యం అర్థమవుతుంది. లాంఛనం వీపుపలకకు ముందువైపు, సరిగ్గా నడుమ ఉంటుంది. మనిషి కూర్చోగానే అతని వీపు దాన్ని కప్పేస్తుంది. లాంఛనాన్ని చూపడమే ఈ కుర్చీ ప్రధాన కర్తవ్యమనుకుంటే, కుర్చీగా వాడిన ప్రతిసారీ ఆ కర్తవ్యానికి భంగం కలుగుతుంది. ఖాళీగా ఉన్నప్పుడే దాని సందేశం పూర్తిగా వినిపిస్తుంది. సమాన హోదాగల అతిథి హాలు దాటి నేరుగా లోపలికి వెళతాడు. అతనికి కనిపించేది వరుసగా ఉన్న ఖాళీ కుర్చీలు, వాటిపై వంశచిహ్నం. పనిమీద వచ్చినవాడికి దక్కేది అదే కుర్చీలోని గట్టి పలక. ఒకే వస్తువు మొదటివాడికి చిత్రఫలకం, రెండోవాడికి ఆసనం. అంతేకాక, చిహ్నాన్ని కప్పకుండా ఉండాలంటే కూర్చున్నవాడు వీపు ఆనించకూడదు. నిటారుగా కూర్చోవడమనే మర్యాదను నోటితో చెప్పవలసిన పని లేకుండా చెక్కే చెబుతుంది.

6. ఆసన కాఠిన్యం - రెండు వ్యాఖ్యానాలు:

హాలు కుర్చీ ఎందుకు గట్టిగా ఉందన్న ప్రశ్నకు రెండు సమాధానాలు ప్రచారంలో ఉన్నాయి. మొదటిది ఉపయోగవాదం. గుర్రంపై వచ్చిన వార్తాహరుడి దుస్తులు తడిగా, బురదగా ఉంటాయి. గుర్రపువెంట్రుకలు కూరి గుడ్డ కప్పిన మెత్త అటువంటి వాడకానికి నిలవదు. చెక్కను తుడిస్తే సరిపోతుంది. ఆసనపలకను పళ్లెంలా కొద్దిగా గుల్లచేయడం వల్ల ఆ మేరకు సౌకర్యం కూడా ఉంటుంది. చిప్పెండేల్ వివరణ ఈ వాదానికి బలం చేకూరుస్తుంది.

రెండోది సామాజిక వాదం. అమెరికన్ పండితుడు కెన్నెత్ ఏమ్స్ 1978లో విక్టోరియన్ అమెరికా హాళ్లలోని సామానుపై ప్రకటించిన వ్యాసం ఈ ధోరణికి ప్రసిద్ధ ఉదాహరణ. టోపీల స్టాండు, హాలు కుర్చీ, పేరుకార్డులు ఉంచే పళ్లెం వంటివి వచ్చినవారిని హోదాల వారీగా వేరుచేసే సాధనాలని ఆయన వాదించాడు. ఇంటివారుగానీ సమాన హోదా అతిథులుగానీ కూర్చోని చోట మెత్త అవసరం లేదు. కూర్చునేవారి సుఖం ఇంటివారి బాధ్యత కాదు. నిత్యోపయోగ వస్తువులను చరిత్రకు ఆధారంగా చదవడంలో ఈ వ్యాసం గొప్ప మేలు చేసింది.

రెండు వాదాల్లోనూ సత్యం ఉంది. అయితే రెండూ వివరించలేని వస్తువు ఒకటి అదే హాలులో ఉండేది. అది ద్వారపాలకుడి కుర్చీ. చుట్టూ తోలు, లోపల మెత్త, తలపై గూడులాంటి కప్పు ఉండే ఎత్తైన కుర్చీ అది. తలుపు సందుల్లోంచి వచ్చే చలిగాలి నుంచి, రాత్రింబవళ్లు కాపలా ఉండే సేవకుడిని అది కాపాడేది. హాలులో మెత్త నిలవదన్నది ఉపయోగవాదం. ద్వారపాలకుడి కుర్చీ తోలుతో ఆ సమస్యను పరిష్కరించింది. తక్కువ హోదావారికి సుఖం నిరాకరించారన్నది సామాజిక వాదం. ద్వారపాలకుడు వచ్చిపోయే వ్యాపారుల కంటే, విన్నపాలు తెచ్చిన చదువరుల కంటే హోదాలో ఎక్కువవాడు కాదు. అయినా సుఖాసనం అతనికే దక్కింది.

కాబట్టి ఇక్కడ నిర్ణాయకాంశం గది ఒక్కటే కాదు, హోదా ఒక్కటే కాదు. కాలం ఎవరిదన్నది కూడా. ద్వారపాలకుడి కాలం యజమాని కొనుక్కున్న కాలం. అతను చలికి కుంగితే నష్టం ఇంటికి. వేచివున్న అపరిచితుడి కాలానికి ఇల్లు ఏమీ చెల్లించడం లేదు. ఆ కాలం వృథా అయినా ఇంటికి నష్టం లేదు. గట్టి ఆసనం ఈ లెక్కను అనుసరించింది. అవమానించాలన్న ఉద్దేశంతోనే వడ్రంగి దాన్ని గట్టిగా చేశాడనడం అతివ్యాప్తి. ఆ నిరీక్షణను సుఖవంతం చేయవలసిన అవసరం ఎవరికీ తోచలేదనడం సాక్ష్యాలకు దగ్గరగా ఉంటుంది. ఉద్దేశపూర్వకమైన అవమానం కంటే ఈ తోచకపోవడమే ఆ సమాజ స్వభావాన్ని ఎక్కువగా వెల్లడిస్తుంది.

వేచివున్నవారి పక్షాన సాహిత్యం ఇచ్చిన సాక్ష్యం ఒకటి ప్రసిద్ధం. శామ్యూల్ జాన్సన్ తన నిఘంటు ప్రణాళికను 1747లో లార్డ్ చెస్టర్‌ఫీల్డ్‌కు అంకితం చేశాడు. ఆదరణ దొరకలేదు. నిఘంటువు వెలువడబోతున్న 1755 ఫిబ్రవరిలో, ప్రభువు బయటి గదుల్లో తాను వేచివుండి, తలుపు నుంచి తిరస్కృతుడై ఏడేళ్లు గడిచాయని ఆయనకు లేఖ రాశాడు. ఆ లేఖ ప్రభువుల పోషణపై రచయిత స్వాతంత్ర్య ప్రకటనగా ఆంగ్ల సాహిత్య చరిత్రలో నిలిచింది. ఎడ్వర్డ్ మాథ్యూ వార్డ్ ఆ నిరీక్షణ దృశ్యాన్ని 1845లో చిత్రించాడు. హాలుకూ లోపలి నిరీక్షణ గదికీ సామానులో తేడా ఉండవచ్చు. కానీ జాన్సన్ మాటల్లోని బాధ ఆసనపు గట్టిదనం గురించి కాదు, తన కాలానికి విలువ లేకపోవడం గురించి. హాలు కుర్చీల చరిత్రలో కూర్చున్నవారి మాట దాదాపు వినిపించదు. అటువంటి స్థితిలో జాన్సన్ లేఖ విలువైన ఆధారం.

7. కలప - కనిపించని లాంఛనం:

హాలు కుర్చీ వీపుపై చిత్రించిన లాంఛనం ఒకటైతే, కలపే మరొక లాంఛనం. 18వ శతాబ్దిలో మహాగని సంపదకు గుర్తు. 1721లో చేసిన చట్టం అమెరికాలోని బ్రిటిష్ వలసల కలపపై దిగుమతి సుంకం ఎత్తివేసింది. దానితో జమైకా మహాగని ఇంగ్లండుకు విరివిగా రాసాగింది. తర్వాత హోండురస్ తీరం నుంచి కూడా వచ్చింది. వెడల్పైన పలకలు, చెక్కడానికి అనువైన గట్టిదనం, మెరుగు పెడితే వచ్చే ఎర్రని నిగారింపు హాలు కుర్చీ వీపుపలకకు సరిగ్గా సరిపోయాయి. ఆ చెట్లను నరికి అడవుల నుంచి నదులకు చేర్చినవారు బానిసలుగా మార్చబడిన ఆఫ్రికన్లు.

ఈ సంబంధం కలపతోనే ఆగదు. చిప్పెండేల్ 1767 నుంచి సామాను సమకూర్చిన యార్క్‌షైర్‌లోని హేర్‌వుడ్ హౌస్ ఆయన అతిపెద్ద ఒప్పందంగా ప్రసిద్ధం. దాన్ని కట్టించిన లాసెల్స్ కుటుంబపు సంపద వెస్టిండీస్ చక్కెర, బానిస వ్యాపారాలతో ముడిపడినది. లాంకస్టర్‌లోని గిల్లోస్ సంస్థ కలపసామాను తయారీతోపాటు వెస్టిండీస్‌తో ఓడవ్యాపారం కూడా చేసింది. వంశలాంఛనం మధ్యయుగ యుద్ధవీరుల పూర్వకథ చెబుతుంది. దాని కింది చెక్క మాత్రం ఆ ఇంటి సమకాలీన ఆదాయకథ చెబుతుంది. రూపవిమర్శ మొదటి కథను చదివి రెండోదాన్ని విడిచిపెడితే అది సగం విమర్శే.

ఆంగ్ల కుర్చీ, సామ్రాజ్య వాణిజ్యం కలిసిన ఇటువంటి సంధిస్థలం తెలుగునేలపైనా ఉంది. 18వ శతాబ్దిలో విశాఖపట్నం వడ్రంగులు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగుల కోసం ఆంగ్ల నమూనాల్లో కుర్చీలు, బీరువాలు, పెట్టెలు చేసి, దంతపు పనితో, నల్లని లక్క నింపిన సన్నని గీతలతో అలంకరించారు. 1773 నుంచి 1775 వరకు మద్రాసు గవర్నరుగా ఉన్న అలెగ్జాండర్ వించ్ సొంతమైన విశాఖ దంతపు కుర్చీలను 1781లో మూడో జార్జి రాజు కొన్నాడు. ఇవి హాలు కుర్చీలు కావు. లోపలి గదుల్లో గౌరవాసనాలు. అయినా పోలిక ఉపయోగకరం. చేసినవారి పేరు లేకుండా ఉంచుకున్నవారి పేరుతో చరిత్రకెక్కడం రెండు రకాల కుర్చీలకూ సమానం.

8. వ్యాప్తి, అనంతర జీవితం:

19వ శతాబ్దిలో హాలు కుర్చీ ప్రభుభవనాల నుంచి మధ్యతరగతి ఇళ్లకు దిగింది. జార్జ్ స్మిత్ 1808లో ప్రకటించిన నమూనాల్లోనూ హాలు కుర్చీలకు చోటుంది. ఆ కాలపు కుర్చీల్లో ప్రాచీన గ్రీకు ఆసనాలను అనుకరించే వంపుకాళ్లు, చిప్ప వీపులు, ఆ తర్వాత గోథిక్ కమానులు వచ్చాయి. కోల్‌బ్రూక్‌డేల్ కార్ఖానాలు హాలు సామానును పోతయినుముతో కూడా చేశాయి. చిన్న ఇంటి ఇరుకైన నడవలో సేవకుల వరుస లేదు, వార్తాహరుల గుంపు లేదు. కుర్చీ మాత్రం ఉంది. లాంఛనం లేని కుటుంబాల కోసం పేరులోని తొలి అక్షరాలు చెక్కారు. చాలా కుర్చీల్లో డాలు ఆకారం ఖాళీగానే మిగిలింది. చిహ్నం లేకపోయినా చిహ్నపు చోటు ఉండడమే హోదా అయింది. 1899లో థోర్‌స్టీన్ వెబ్లెన్ ప్రదర్శనాత్మక వినియోగాన్ని విశ్లేషించినప్పుడు దృష్టిలో ఉంచుకున్నది ఇటువంటి అనుకరణ క్రమాన్నే.

నేటి వేలంపాటల్లో, పాత సామాను దుకాణాల్లో హాలు కుర్చీ మళ్లీ విలువైన వస్తువు. జతగా, నాలుగుగా, ఎనిమిదిగా ఉన్న వరుసలకు, లాంఛనం చెరగని వాటికి గిరాకీ ఎక్కువ. ఒకే క్రెస్టును అనేక కుటుంబాలు వాడుకున్నందువల్ల అది ఎవరిదో చెప్పడం తరచు కష్టం. ఒక వంశాన్ని ఇతరుల నుంచి వేరుచేసి చూపడానికి గీయించిన బొమ్మ చివరకు ఏ వంశానిదో తెలియని అందమైన బొమ్మగా మిగిలింది. కొన్నవారు కూడా దాన్ని గోడ పక్కన నిలిపి చూస్తారేగాని సాధారణంగా కూర్చోరు. వేలంపాటల వివరణల్లో వీపుపలక పనితనానికి, కలప నిగారింపుకు, లాంఛనానికి ఎంతో చోటు దొరుకుతుంది. ఆసనపలకపై వాడకం మిగిల్చిన అరుగుదలను వస్తువు స్థితిని తెలిపే వివరంగా మాత్రమే పేర్కొంటారు. వీపుపలకను యజమాని చేయించాడు. అరుగుదలను పేరు తెలియని వందలమంది నిరీక్షణ చేసింది. రెండూ ఆ వస్తువు చరిత్రే.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. హాలు భోజనశాల స్థితిని వీడి, ఒకవైపు వైభవప్రదర్శనకు, మరొకవైపు నిరీక్షణకు స్థలంగా మారడం వల్ల హాలు కుర్చీకి ద్వంద్వరూపం ఏర్పడింది.

2. 1762 నాటి చిప్పెండేల్ వివరణ స్థలప్రధానం. 1803 నాటి షెరటన్ నిర్వచనం వ్యక్తిప్రధానం. రూపం పెద్దగా మారకుండానే వస్తువు అర్థం హోదావాచకంగా స్థిరపడింది.

3. కూర్చున్నవాడి వీపు లాంఛనాన్ని కప్పేస్తుంది కాబట్టి, ఈ కుర్చీ చిహ్నంగా సంపూర్ణమయ్యేది ఖాళీగా ఉన్నప్పుడే.

4. ఆసన కాఠిన్యాన్ని ఉపయోగవాదంగానీ వర్గావమాన వాదంగానీ ఒంటరిగా వివరించలేదు. ద్వారపాలకుడి మెత్తని కుర్చీతో పోల్చినప్పుడు, ఎవరి కాలానికి ఇల్లు విలువ ఇచ్చిందన్నది ముఖ్యమైన అంశంగా తేలుతుంది.

5. కలప చరిత్రను విడిచి రూపసౌందర్యాన్ని మాత్రమే మెచ్చుకోవడం అసంపూర్ణ విమర్శ.

హాలు కుర్చీ అందమైనదన్న మాటలో అసత్యం లేదు. దాని రేఖల పొదుపు, వీపుపలక సమతౌల్యం, కలప ఎంపిక నిజంగా ప్రశంసార్హం. అయితే ఆ అందం ఒక దూరం నుంచి చూసేవారికోసం రూపొందినది. ఆ దూరం ఇంటి యజమానిదీ అతని సమానులదీ. కలపసామాను విమర్శ నేటికీ ఎక్కువగా ఆ దూరం నుంచే జరుగుతోంది. వస్తువును కూర్చున్నవాడి వైపు నుంచి కూడా చదివినప్పుడు దాని అందం తగ్గదు. అది ఎవరి ఖర్చుతో సాధ్యమైందో తెలుస్తుంది. నిరీక్షణ కోసం చేసిన ఆసనాలు ఏ దేశంలో, ఏ కాలంలో ఉన్నా, కచేరీ వరండాలోని బల్ల దాకా, ఈ ప్రశ్నతో పరిశీలించదగినవే.